చేపల ముచ్చట్లు: కొత్త చేపకు నాలుగు వారాల విడిది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే సంగతి మీద ఉన్నాయి. కొత్తగా తెచ్చిన చేపను నేరుగా పెద్ద ట్యాంకులో వదిలేయవచ్చా, కొన్నాళ్లు వేరుగా ఉంచాలా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. మిగతా ఉత్తరాలు రాసినవాళ్లు కూడా ముందు అది చదవండి. మీకు చెప్పాల్సినదాంట్లో చాలా భాగం అందులోనే ఉంది.

ప్రశ్న: మా ట్యాంకు 200 లీటర్లది, మూడేళ్లుగా నడుస్తోంది. రెండు ఏంజెల్స్, ఎనిమిది కోరీలు, పన్నెండు నియాన్ టెట్రాలు ఉన్నాయి. ఇంతవరకు ఏ చేపా జబ్బు పడలేదు. ఇప్పుడు పది రమ్మీనోజ్ టెట్రాలు తేవాలని ఉంది. క్వారంటైన్ చేసి తీరాలని కొందరు, చిన్న ట్యాంకులో పెడితే బెదిరిపోయి అక్కడే చస్తాయని ఇంకొందరు చెబుతున్నారు. మా అన్నయ్య పదేళ్లుగా చేపలు పెంచుతున్నాడు, ఒక్కసారి కూడా చెయ్యలేదు, ఏమీ కాలేదు. అమ్మేచోట చేప హుషారుగా ఉందో లేదో చూసుకుని తెచ్చుకుంటే సరిపోదా మేడమ్?
- ఒక పాఠకురాలు

జవాబు: చెయ్యాలమ్మా. నాలుగు వారాలు చెయ్యాలి.

మీ అన్నయ్య మాట అబద్ధం కాదు. పదేళ్లు ఏమీ కాకుండా గడిచిపోవచ్చు. నాకు పదకొండేళ్లు గడిచాయి. అప్పట్లో నా దగ్గర 300 లీటర్ల ట్యాంకులో క్లౌన్ లోచ్ అనే చేపలు మూడు ఉండేవి. బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చాను. పదకొండేళ్లకు ఒక్కోటి జానెడు దాటింది. లోచ్‌లు చప్పుడు చేస్తాయని పెంచినవాళ్లకు తెలుసు. మేత డబ్బా మూత తీసిన చప్పుడు వినగానే మూడూ కట్టె కింద నుంచి బయటికొచ్చి టకటకమనేవి. పక్క గదిలోకి వినిపించేది.

ఒక సాయంత్రం ఎనిమిది కార్డినల్ టెట్రాలు తెచ్చాను. కొనేముందు పావుగంట నిలబడి చూశాను. రంగులు నిగనిగలాడుతున్నాయి, రెక్కలు బాగా విప్పుకుని ఉన్నాయి, చిటికెడు మేత వేయించి చూస్తే ఎగబడి తిన్నాయి. ఇంటికొచ్చి సంచిని అరగంట నీళ్ల మీద తేలించి వదిలేశాను. అయిదో రోజు రాత్రి పెద్ద లోచ్ మేతకు రాలేదు. టార్చి పక్కవాటుగా వేసి చూస్తే దాని నల్లపట్టీ మీద ఉప్పు రవ్వంత తెల్ల చుక్క కనిపించింది. ఒక్కటే. రెండు రోజులు తిరిగేసరికి మూడింటికీ ఒళ్లంతా చల్లినట్టు అయింది. పై నీళ్లలోకి వచ్చి మూతి తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. లోచ్‌ల పొలుసులు మరీ సన్నం. ఆ జబ్బు తొందరగా అంటుకుంటుంది, మందు ఘాటు కూడా తట్టుకోలేవు. మూడింట్లో రెండు పోయాయి. మిగిలినది ఆ తరవాత చాలాకాలం బతికింది గానీ, మేత డబ్బా మూత తీస్తే టకటకమనడం మానేసింది.

ఈ కథలో మీ ప్రశ్నకు జవాబైన ముక్క ఒకటుంది. ఆ ఎనిమిది టెట్రాల్లో ఒక్కటి కూడా పోలేదు. ఒకదాని తోక మీద ఓ చుక్క కనిపించి మాయమైంది, అంతే. జబ్బు తెచ్చినవి అవే, హుషారుగా తిరిగినవీ అవే. అవి ఆ పరాన్నజీవిని అంతకుముందే ఎక్కడో ఒంటబట్టించుకుని, తట్టుకుని, కాస్త రోగనిరోధక శక్తి తెచ్చుకున్నాయి. అలాంటి చేపల మొప్పల్లో నాలుగైదు పురుగులు మిగిలి ఉంటాయి. పైకి ఏమీ కనిపించదు. పదకొండేళ్లపాటు దాన్ని చూడని నా లోచ్‌లకు ఆ శక్తి లేదు. కాబట్టి చేప హుషారుగా ఉందంటే ఆ చేప బాగుందని మాత్రమే అర్థం. అది మోసుకొచ్చేదాని గురించి హుషారు ఏమీ చెప్పదు. పైగా చాలా చోట్ల వరసలో ఉన్న ట్యాంకులన్నిటికీ ఒకే ఫిల్టరు నీళ్లు తిరుగుతుంటాయి. మీరు ఎంచుకున్న ట్యాంకు బాగున్నా, మూడో ట్యాంకులో చచ్చి తేలుతున్న చేప నీళ్లే అందులోకి కూడా వస్తుంటాయి. కొనేటప్పుడు ఆ వరస మొత్తం చూడండి.

వైట్ స్పాట్ జబ్బు, చాలామంది ఇక్ అంటారు, ఎలా నడుస్తుందో తెలిస్తే నాలుగు వారాలు ఎందుకో మీకే అర్థమవుతుంది. దాని పూర్తి పేరు ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలిస్. ఆ రెండో మాటకు బహుసంతానం కలది అని అర్థం. మనకు కనిపించే తెల్ల చుక్క చర్మం కింద దూరి కూర్చుని, చేపను తింటూ పెరుగుతున్న ఏకకణ జీవి. పెరిగాక చేపను వదిలి కిందికి రాలుతుంది. ఇసుకకో ఆకుకో అతుక్కుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలిపోతూ వందల పిల్లలవుతుంది. ఒక్కోసారి వెయ్యి దాకా వస్తాయి. అవన్నీ ఈదుకుంటూ బయటికొచ్చి చేప కోసం వెతుక్కుంటాయి. రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మనం వేసే మందు పనిచేసేది ఇవి ఈదుతున్నప్పుడే. చేప చర్మం కింద ఉన్నదాని జోలికి, గూట్లో ఉన్నదాని జోలికి అది పోలేదు. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే ఈ చుట్టు వారంలో పూర్తవుతుంది. చల్లటి నీళ్లలో, 10 డిగ్రీల దగ్గర, నెల దాటుతుంది. మొదటి చుట్టులో మొప్పల్లో రెండే పురుగులు ఉంటే మన కళ్లకు కనబడవు. రెండో చుట్టుకో మూడో చుట్టుకో బయటపడతాయి. ఒక వారం చూసి ఏమీ లేదని వదిలేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

అన్ని జబ్బులూ ఇక్ లాగా వారంలో కూడా పలకవు. గప్పీల్లో, మోలీల్లో వచ్చే కమలానస్ పురుగు సంగతి చెబుతాను. ఓసారి తెచ్చిన ఆరు గప్పీలు విడిది ట్యాంకులో, అంటే కొత్త చేపల్ని వేరుగా ఉంచే చిన్న ట్యాంకులో, మూడు వారాలు చక్కగా తిన్నాయి. ఇరవై ఒకటో రోజున ఒక ఆడ గప్పీ కదలకుండా నిలబడ్డప్పుడు మలద్వారం దగ్గర ఎర్రటి సన్న పోగులు మూడు బయటికి వచ్చాయి. ఈదడం మొదలెట్టగానే లోపలికి లాక్కున్నాయి. ఎర్ర దారం ముక్కలే అనిపిస్తాయి. లెవమిసోల్ వాడాను. ఆ మందు పురుగుల్ని చంపే కన్నా ఎక్కువగా పట్టు తప్పిస్తుంది, అవి అడుగున పడతాయి. వెంటనే సైఫన్‌తో లాగెయ్యకపోతే చేపలు మళ్లీ వాటినే తినేస్తాయి. అడుగున ఇసుక లేని ట్యాంకు కాబట్టి ప్రతి ముక్కా కనబడింది. ఇదే మీ 200 లీటర్లలో, ఇసుకలో, మొక్కల మధ్య జరిగి ఉంటే నాలుగో వంతు కూడా ఏరలేం. రెండు వారాలు ఆగి మళ్లీ మందు వేశాను. ఆ గప్పీల విడిది మొత్తం ఎనిమిది వారాలు నడిచింది.

ఆ చిన్న ట్యాంకును నేను విడిది ట్యాంకు అంటాను. క్వారంటైన్ అంటే శిక్ష వేసినట్టు వినబడుతుంది, చిన్న ట్యాంకులో బెదిరి చస్తాయన్న భయం అక్కడి నుంచే వస్తుందని నాకు అనుమానం. కొత్త చేప ఏ స్థితిలో మన చేతికి వస్తుందో ఆలోచించండి. ప్రయాణానికి ముందు దాన్ని పస్తు పెడతారు, సంచిలో నీళ్లు పాడవకుండా. రెండు మూడు చేతులు మారుతుంది. ప్రతిచోటా నీళ్లు వేరు. అలసిపోయి, ఆకలితో ఉన్నదాన్ని తెచ్చి, ఇప్పటికే తమ తమ చోట్లు పంచుకుని ఉన్న ఇరవై రెండు చేపల మధ్య పడేస్తే ముందు బెదిరేది అదే. మీ ఏంజెల్స్ రమ్మీనోజ్‌లను మేత దగ్గరికి రానివ్వవు. విడిదిలో పోటీ లేదు, తరిమేవాళ్లు లేరు. సన్నబడ్డ పొట్ట నిండే దాకా రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెం పెట్టవచ్చు. నాలుగు వారాలు మీ పాత చేపల కోసం ఎంతో, కొత్త చేప కోసం కూడా అంతే. ఆ మాటకొస్తే పాతవి కూడా అమాయకులు కాదు. తమకు అలవాటైపోయిన క్రిములు వాటి ఒంట్లో ఉంటాయి. నీరసంగా వచ్చిన కొత్త చేపకు అవే ప్రాణం మీదికి తెస్తాయి.

మీరు విన్న రెండో మాటలోనూ నిజం ఉంది. చిన్న ట్యాంకులో చేపలు చస్తాయి, ఆ ట్యాంకు సిద్ధంగా లేకపోతే. నేను మొదటిసారి చేసినప్పుడు సరిగ్గా అదే జరిగింది. లోచ్‌లు పోయాక పట్టుదలతో కొత్త ట్యాంకు, కొత్త ఫిల్టరు కొని, నీళ్లు నింపి, మర్నాడే చేపలు వేశాను. నాలుగో రోజున రెండు చేపలు ఎర్రబడ్డ మొప్పలతో అడుగున పడి ఉన్నాయి. ఏ జబ్బూ లేదు. టెస్ట్ కిట్‌లో అమోనియా, అంటే చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే విషం, ముదురాకుపచ్చ రంగు చూపించింది, అంటే చాలా ఎక్కువని. కొత్త ఫిల్టరులో అమోనియాను తినే బ్యాక్టీరియా ఇంకా పుట్టలేదు. ఆ రెండు చేపలు పోయింది నా తొందర వల్ల.

అందుకని మీరు ఇవాళే ఒక పని చెయ్యండి. ఒక స్పాంజ్ ఫిల్టరు తెచ్చి మీ పెద్ద ట్యాంకులో ఓ మూల పెట్టి నడపండి. నాలుగైదు వారాలకు ఆ స్పాంజ్ నిండా మంచి బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. రమ్మీనోజ్‌లు తెచ్చే రోజున దాన్ని తీసి విడిదిలో పెడితే ఆ ట్యాంకు మొదటి గంట నుంచే పనిచేస్తుంది. పది చిన్న టెట్రాలకు 50, 60 లీటర్లు చాలు. అడుగున ఏమీ వద్దు, వట్టి అద్దం మీద రెట్ట, పురుగు, తినకుండా వదిలేసిన మేత అన్నీ కనబడతాయి. దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు, రెండు ప్లాస్టిక్ మొక్కలు వెయ్యండి. ఇవి లేకపోతే మాత్రం నిజంగానే బెదురుతాయి. వెనకవైపు, రెండు పక్కలా కాగితం అంటించండి. హీటరు, మూత తప్పనిసరి. భయపడ్డ టెట్రా గెంతుతుంది. లైటు మొదటి రోజు వెయ్యకండి.

సంచి నీళ్లు మాత్రం ఏ ట్యాంకులోనూ పొయ్యవద్దు, విడిదిలో కూడా. వేడి సమం అయ్యాక చేపను వలతో తీసి నీళ్లు పారబోయండి. దూరం నుంచి పార్సిల్‌లో వచ్చిన చేప విషయంలో ఇంకో జాగ్రత్త. మూసి ఉన్న సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ తగ్గి ఉంటుంది, అందుకే అక్కడ చేరిన అమోనియా అంతగా హాని చెయ్యదు. సంచి విప్పగానే ఆ గ్యాసు పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అదే అమోనియా విషమవుతుంది. మంచిదే కదా అని విప్పిన సంచిలో గంటలకొద్దీ చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చోకండి.

ఇక చూడటం. విడిది అంటే అసలు పని ఇదే, ట్యాంకు పెట్టడం కాదు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, అయిదు నిమిషాలు కుర్చీ వేసుకుని కూర్చోండి. ముందు శ్వాస. ఒక చేపను ఎంచుకుని మొప్ప మూత నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతుందో లెక్కపెట్టి రాసుకోండి. అంకె ఎంత అన్నది చేపను బట్టి, నీటి వేడిని బట్టి మారుతుంది. నిన్నటికన్నా ఇవాళ బాగా పెరిగితే, లేదా ఒకవైపు మొప్పే ఆడిస్తుంటే, మొప్పల్లో ఏదో ఉందని అర్థం. తరవాత ఒళ్లు గీరుకోవడం. గొట్టానికో హీటరుకో పక్క వాటంగా రాసుకుని జారిపోతుంది. రోజుకోసారి చేస్తే పట్టించుకోకండి, అయిదు నిమిషాల్లో నాలుగుసార్లు చేస్తే పట్టించుకోండి. తరవాత రెట్ట. తిన్న మేత రంగులో ఉండాలి. తెల్లగా, జిగురు దారంలా వేలాడుతుంటే పేగుల్లో పరాన్నజీవులు ఉండవచ్చు. వారానికోసారి గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చి పక్కవాటుగా వేసి చూడండి. వెల్వెట్ జబ్బు ఉంటే వెన్ను మీద బంగారు పొడి చల్లినట్టు మెరుస్తుంది. మామూలు వెలుతురులో అది కనబడదు.

రమ్మీనోజ్‌ల విషయంలో మీకొక సదుపాయం ఉంది. వాటి మూతి ఎరుపే వాటి ఆరోగ్యం చెబుతుంది. అలసటలో, పాడైన నీళ్లలో ఆ ఎరుపు పాలిపోతుంది. రెండో రోజుకో మూడో రోజుకో పదింటికీ మూతులు దానిమ్మ గింజల్లా ఎర్రబడాలి. ఒక్కదానికే రాకపోతే ఆ ఒక్కదాన్ని బాగా గమనించండి.

విడిదికి వాడే వల, సైఫన్ గొట్టం, బకెట్ వేరుగా ఉండాలి, రంగు టేపు చుట్టి పెట్టుకోండి. రోజూ పని ముందు పెద్ద ట్యాంకులో ముగించుకుని తరవాతే విడిది దగ్గరికి వెళ్లండి, ఎప్పుడూ అటు నుంచి ఇటు రాకండి. తడిచేత్తో వచ్చే నాలుగు చుక్కలు చాలు. ఎయిర్ పంపు బుడగలు పగిలినప్పుడు లేచే తుంపరలో కూడా కొన్ని పరాన్నజీవులు వెళ్లగలవు, కాబట్టి రెండు ట్యాంకుల మధ్య రెండు మూడు మీటర్లన్నా ఎడం ఉంచండి. చేతికి తెగిన గాయం ఉంటే గ్లవుజు వేసుకోండి. చేపల్లో క్షయ లాంటి జబ్బు తెచ్చే మైకోబ్యాక్టీరియం మెరైనమ్ గాయం గుండా మనిషి చర్మానికి కూడా పడుతుంది, తగ్గడానికి నెలలు పడుతుంది.

మూడు వారాలు ఏ గొడవా లేకుండా గడిస్తే, చివరి వారంలో నేను ఇంకొకటి చేస్తాను. పెద్ద ట్యాంకు నుంచి రోజుకు రెండు మగ్గుల నీళ్లు తీసి విడిదిలో పోస్తాను. పాత చేపల క్రిములు కొత్తవాటికి కొంచెం కొంచెంగా పరిచయమవుతాయి, నీళ్లకూ అలవాటు పడతాయి. కొందరు పాత చేపల్లోంచి ఒకదాన్ని తెచ్చి కొత్తవాటితో వారం ఉంచుతారు, దానికి ఏమన్నా అవుతుందేమో చూడటానికి. పద్ధతి పనిచేస్తుంది గానీ నాకు మనసొప్పదు. మూడేళ్లు మీ చేతి మేత తిన్న చేపను పరీక్షకు పెట్టమని మీకు చెప్పలేను.

ప్రశ్న: మాది చిన్న ఇల్లు. రెండో ట్యాంకుకు చోటు లేదు, ఏడాదికోసారి వాడేదానికి కొనాలనీ లేదు. ప్లాస్టిక్ టబ్బులో పెట్టవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: నిక్షేపంగా పెట్టవచ్చు. లేత రంగు టబ్బు తీసుకోండి, నల్లదాంట్లో చేప కనబడదు. మూతకు చిల్లులు పెట్టండి. కొత్త ప్లాస్టిక్ కదా, రెండు మూడు రోజులు నీళ్లు పోసి పారబోసి వాడండి. హీటరు ప్లాస్టిక్ గోడకు తగలకుండా చూసుకోండి, కరిగిపోతుంది. పక్కనుంచి చూడలేరన్నది ఒక్కటే లోటు. అందుకు రోజుకోసారి చేపను పారదర్శకమైన డబ్బాలో నీళ్లతో సహా పట్టి చూసి వదలండి, వలతో పైకెత్తకండి.

పని అయిపోయాక టబ్బు, గొట్టాలు అన్నీ బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగి, వాసన పోయేదాకా మంచి నీళ్లతో కడిగి, ఎండలో ఎముకలా ఎండబెట్టండి. ఇక్ గూళ్లు ఎండితే బతకవు. తరవాత ఆ టబ్బులోనే సరంజామా సర్దుకుని అటక మీద పెట్టుకోవచ్చు. స్పాంజ్ మాత్రం అటక ఎక్కకూడదు. జబ్బేమీ రాకుండా, మందులు వాడకుండా విడిది ముగిస్తే తిరిగి పెద్ద ట్యాంకులోకే. జబ్బు వచ్చి ఉంటే పారేసి కొత్త స్పాంజ్ పెట్టండి.

ప్రశ్న: నాలుగు వారాలు చూస్తూ కూర్చునే బదులు వచ్చిన రోజే అన్ని మందులూ వరసగా వేసేస్తే పని అయిపోతుంది కదా. నా స్నేహితులు మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్, పురుగుల మందు మూడూ వేస్తారు.
- ఒక పాఠకుడు

జవాబు: నేను ఒప్పుకోను. అలసి వచ్చిన చేపకు కావలసింది మంచి నీళ్లు, చీకటి, నిశ్శబ్దం. మిథిలీన్ బ్లూ ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది, అంటే మందు వేసిన మూడో రోజుకు అమోనియా మొదలు. యాంటీబయాటిక్‌లు ఏ జబ్బో తెలియకుండా ఊరికే వేస్తే, వాటికి లొంగని క్రిములను మనమే పెంచినవాళ్లమవుతాం. రేపు నిజంగా కాలమ్నారిస్ వచ్చినప్పుడు ఆ మందు పనిచెయ్యదు. కాలమ్నారిస్ అంటే మూతి మీద, వెన్ను మీద తెల్లటి దూదిలా వచ్చే బ్యాక్టీరియా జబ్బు. చూడటానికి బూజులా ఉంటుంది కాబట్టి చాలామంది బూజు మందు వేసి రోజులు పోగొట్టుకుంటారు. నీళ్లు వేడెక్కిస్తే అది ఇంకా విజృంభిస్తుంది. తెల్లగా ఏది కనబడ్డా హీటరు పెంచేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఒక్క పురుగుల మందు విషయంలో మాత్రం కొంత సడలిస్తాను. మొప్పల్లో ఉండే ఫ్లూక్ పురుగులు కంటికి ఆనవు. నదుల్లో పట్టిన చేపలకు, డిస్కస్‌లకు అవి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటివాటికి రెండో వారంలో, చేప మేతకు అలవాటు పడ్డాక, ప్రాజిక్వాంటెల్ వెయ్యడం సబబే. గుడ్లు పెట్టే రకం ఫ్లూక్‌ల గుడ్లను ఆ మందు ఏమీ చెయ్యలేదు కాబట్టి, అవి పొదిగాక ఇంకో విడత వెయ్యాలి. మందు వేసేటప్పుడు ఫిల్టరులో కార్బన్ ఉంటే తీసెయ్యండి, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది.

ప్రశ్న: మొక్కలకు, నత్తలకు, రొయ్యలకు కూడా క్వారంటైన్ కావాలా? వాటికి చేపల జబ్బులు రావు కదా అమ్మా.
- తొమ్మిదో తరగతి చదివే పాఠకురాలు

జవాబు: చాలా మంచి ప్రశ్న వేశావమ్మా. వాటికి రావు, కానీ మోసుకొస్తాయి. ఆకు అడుగునో నత్త గుల్ల మీదో ఇక్ గూడు అతుక్కుని ఉండవచ్చు. చేపలు లేని నీళ్లలో ఉంచితే గూళ్లలోంచి వచ్చిన పిల్లలకు చేప దొరక్క అవే చచ్చిపోతాయి. 25 డిగ్రీల నీళ్లలో రెండు మూడు వారాలు చాలు. మొక్కలకు లైటు, రొయ్యలకు కొంచెం మేత మరిచిపోకు. రాగి ఉన్న మందు ఎప్పుడైనా వేసిన పాత్రలో మాత్రం రొయ్యల్ని, నత్తల్ని పెట్టకు. చేపను బాగుచేసే మోతాదు వాటిని చంపేస్తుంది.

ప్రశ్న: నా మొదటి ట్యాంకు ఇప్పుడే పెడుతున్నాను. మొదటి చేపలకు కూడా వేరే ట్యాంకు పెట్టాలా?
- ఒక పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. అందులో ఇంకెవరూ లేరు కాబట్టి అదే విడిది. రెండో విడత చేపల నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: మా కోయి చెరువులోకి నాలుగు కొత్త కోయిలు తెచ్చి, నెల రోజులు వేరే తొట్టిలో ఉంచాను. చలికాలం, హీటరు లేదు, నీళ్లు 12 డిగ్రీలు. అన్నీ బాగున్నాయి. ఇప్పుడు కలిపేయవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: కలపకండి. మీరు నెల రోజులు శ్రద్ధగా చూశారు, కానీ ఆ చలిలో జబ్బు బయటపడే వీల్లేదు. కోయిలకు అన్నిటికన్నా భయపడాల్సింది కోయి హెర్పిస్ వైరస్‌కే. 1998లో ఇజ్రాయెల్ చెరువుల్లో కోయిల జాతికే చెందిన కార్ప్ చేపలు గుట్టలుగా చచ్చినప్పుడు ఇది వెలుగులోకి వచ్చింది. నీళ్లు 18 నుంచి 28 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే అది చేపల్ని చంపుతుంది. చల్లటి నీళ్లలో వైరస్ ఉన్న చేప కూడా నున్నగా, నిబ్బరంగా తిరుగుతుంది. ఎండలు ముదరగానే చెరువు చెరువంతా ఒక్కసారి పడిపోతుంది. మందు లేదు. బతికి బట్టకట్టినవి కూడా వైరస్‌ను ఒంట్లో ఉంచుకునే తిరుగుతాయి. తొట్టికి హీటరు పెట్టి, రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ 24 దగ్గరికి తెచ్చి, అక్కడి నుంచి నాలుగు వారాలు లెక్కపెట్టండి. ఇప్పటిదాకా గడిచిన నెల లెక్కలోకి రాదు. రాసేటప్పుడు నాకే కష్టంగా ఉంది, కానీ రాదు.

ప్రశ్న: మీ శీర్షిక ఆలస్యంగా చూశాను. 80 లీటర్ల ట్యాంకులో మోలీలు, ప్లాటీలు, గప్పీలు ఉన్నాయి. పోయిన ఆదివారం నాలుగు కొత్త మోలీలు నేరుగా వేసేశాను. నిన్న ఒకదాని తోక మీద తెల్ల చుక్కలు కనిపించాయి. దాన్ని తీసి వేరే పెట్టేస్తే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదు. ఆ చుక్క కనబడేసరికి గూళ్లు ఇసుకలో పడి ఉండవచ్చు. ఇప్పుడు వైద్యం ట్యాంకు మొత్తానికీ జరగాలి, చేపలన్నీ అందులోనే ఉండాలి. కంగారు పడకండి, మీ చేపలన్నీ ఉప్పును తట్టుకునే జాతులే. ఏ పొడులూ కలపని మామూలు ఉప్పు లీటరుకు 2 గ్రాముల చొప్పున, అంటే 160 గ్రాములు తూచుకోండి. ట్యాంకు నీళ్లనే మగ్గులో తీసి కరిగించి, రెండు రోజుల్లో నాలుగు విడతలుగా పోయండి. నీటి వేడి రోజుకు రెండు డిగ్రీలు మించకుండా పెంచుతూ 30 దాకా తీసుకెళ్లండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, అందుకని ఇంకో ఎయిర్ స్టోన్ తప్పక వెయ్యండి. రెండు రోజులకోసారి అడుగు సైఫన్ చేసి పావు వంతు నీళ్లు మార్చండి. మార్చిన నీళ్లకు మాత్రమే మళ్లీ ఉప్పు కలపాలి. ఆవిరై తగ్గిన నీళ్లకు బదులు పోసేటప్పుడు కలపకూడదు, ఉప్పు ఎగిరిపోదు కదా. మొక్కలు కొన్ని వాడిపోవచ్చు.

మొదటి నాలుగు రోజుల్లో చుక్కలు ఇంకా ఎక్కువ కావచ్చు. అవి ముందే చర్మంలోకి దూరినవి, మందు పనిచెయ్యడం లేదని కాదు. మధ్యలో మందు మార్చకండి. చుక్కలన్నీ పోయినట్టు కనిపించిన రోజున ఆపకండి. అక్కడి నుంచి ఇంకో వారం, మొత్తం మీద రెండు వారాలకు తగ్గకుండా నడపండి. ఒకవేళ రొప్పడం ఎక్కువై, మేత మానేసి, ఉప్పుతో లొంగనట్టు అనిపిస్తే చేపల వైద్యం తెలిసిన పశువైద్యులను అడగండి.

ప్రశ్న: మీరు ఇంతకుముందు చెప్పిన ప్రకారమే విడిదిలో ఆరు కోరీలను పెట్టాను మేడమ్. అన్నీ బాగున్నాయి. పద్దెనిమిదో రోజున, అంటే ఇవాళ పొద్దున, ఒకటి చనిపోయి ఉంది. ఒంటి మీద ఏమీ కనిపించలేదు. లెక్క కొనసాగించాలా, మళ్లీ మొదటి నుంచా?
- ఒక పాఠకుడు

జవాబు: మొదటి రెండు మూడు రోజుల్లో పోయి ఉంటే ప్రయాణ బడలిక అనుకునేవాళ్లం. పద్దెనిమిదో రోజున అలా అనుకోలేం. ముందు అమోనియా, దాని నుంచి తయారయ్యే ఇంకో విషం నైట్రైట్ చూడండి, రెండూ సున్నా ఉండాలి. కోరీలు కదా, మూతి దగ్గరి మీసాలు అరిగాయేమో, ఎర్రబడ్డాయేమో మిగతా అయిదింటినీ పారదర్శకమైన డబ్బాలో పట్టి కింద నుంచి చూడండి. వాటి శ్వాస లెక్కపెట్టి రాసుకోండి. కోరీలు అప్పుడప్పుడూ పైకి వెళ్లి గాలి మింగి వస్తాయి, అది మామూలే. మాటిమాటికీ వెళుతుంటేనే ఆలోచించాలి. చనిపోయిన చేపను తీసేశాక ఆ వలను పెద్ద ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లలేదు కదా? ఇవాళ్టిని ఒకటో రోజుగా రాసుకోండి.